కొండ చుట్టి వచ్చిన దినము



మా కార్వేటినగరంలో వీధిలోకి వచ్చి తల ఎత్తితే కొండలే కనబడతాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు అవి ఇంటి గోడలవంటివి. రోజూ కళ్ళ ముందే ఉంటాయి గనుక వాటిని చూడము. నేను ఈ కొండల నీడలోనే మేకలు కాచాను, ఈ ప్రాంతములోనే సేవ చేస్తున్నాను. అయినా నలభై ఏడేండ్ల వయసు వచ్చేవరకు వాటిని ఒక్కసారైనా చుట్టి రాలేదు. క్రిస్మస్ పండుగ అయిన మూడవ నాడు, 2024 డిసెంబరు 28న, సైకిలు మీద ఆ పని చేశాను. ఆ ఒక్క దినములో నేను చూచినది, నేర్చుకొన్నది, ముప్పై నాలుగేండ్లుగా దాచుకొన్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పాస్టరుకు సైకిలు కొత్తదేమీ కాదు. నేను థియాలజీ డిప్లొమా ముగించుకొని మొదటి సంఘానికి వచ్చినప్పుడు పెద్దలు నాకిచ్చిన ఆస్తి రెండే: ఒక హరికేన్ లాంతరు, ఒక పాత సైకిలు. ఆ సైకిలు మీదనే పల్లెపల్లెకు పోయేవాడిని. తరువాత మోటారు సైకిలు వచ్చింది. దానితోపాటు నడుము చుట్టూ కొవ్వు, రక్తంలో చక్కెర కూడా వచ్చాయి. "అయ్యా, మాత్రలు నేను వ్రాస్తాను, కాళ్ళు మీరే కదిలించాలి" అని డాక్టరుగారు చెప్పి రెండేండ్లయింది. నేను తల ఊపి వచ్చేశాను, అంతే.

ఇంతలో మా అక్క కొడుకు పండుగకు వచ్చాడు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రములోని సన్నీవేల్ అనే ఊరిలో కంప్యూటరు ఉద్యోగము. ప్రతి శనివారము గుట్టల మీద సైకిలు తొక్కడము వాడి అలవాటు. వచ్చిన రెండవ నాడే తిరుపతిలో ఉన్న స్నేహితుని దగ్గర నుండి గేర్ల సైకిళ్ళు రెండు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టాడు.

"రెండెందుకురా?" అన్నాను.

"రెండోది నీకే మామా" అన్నాడు.

గుట్టల సైకిలు కథ

ఆ రాత్రి వాడు చెప్పిన సంగతులు పిల్లలకు కూడా ఆసక్తిగా ఉంటాయి గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మారిన్ అనే కౌంటీ ఉంది. అక్కడ టామల్‌పాయిస్ అనే పెద్ద కొండ. 1970లలో అక్కడి కుర్రవాళ్ళు కొందరు, 1930లు 1940లనాటి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ళను సామాన్ల కొట్లలో వెదకి తెచ్చి, కొండదారుల్లో క్రిందికి తోలేవారు. 1976 అక్టోబరు 21న ఒక మట్టిదారి మీద పందెము పెట్టుకొన్నారు. రెండు మైళ్ళు కూడా లేని దారి, దాదాపు 1300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే. క్రిందికి చేరేసరికి ఆ బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది. ప్రతిసారి విప్పి కొత్త గ్రీజు కూరాలి. అలా తిరిగి కూరడాన్ని వాళ్ళ భాషలో 'రీప్యాక్' అంటారు. ఆ దారికీ, ఆ పందేనికీ అదే పేరు నిలిచిపోయింది.

ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండదారులకని ప్రత్యేకముగా ఒక సైకిలు చట్రము తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి అటువంటి సైకిళ్ళు అమ్మే చిన్న వ్యాపారము పెట్టారు. వాటికి చట్రాలు కట్టి ఇచ్చినవాడు టామ్ రిచీ. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో చేయించి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పతకాల ఆట అయింది. పాత ఇనుప సైకిలుతో మొదలైన సంగతి ఇరవై ఏండ్లలో అంత దూరము పోయింది.

"నువ్వు పోయేది ఆ కొండకేనా?" అని అడిగాను.

"కాదు మామా. మాకు దగ్గరలో వేరే కొండలుండాయి" అని ఫోనులో బొమ్మలు చూపించాడు. రష్యన్ రిడ్జ్, స్కైలైన్ రిడ్జ్, లాంగ్ రిడ్జ్ అని వాటి పేర్లు. రిడ్జ్ అంటే కొండల వెన్ను. వెన్ను మీద అంతా గడ్డి. మడతల్లో ఓకు చెట్లు, డగ్లస్ ఫర్ చెట్ల అడవి. ఒకచోట కారు నిలిపి బయలుదేరితే గడ్డిలో కొంత దూరము, అడవి నీడలో కొంత దూరము పోయి, చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తారు. రష్యన్ రిడ్జ్‌లో అన్నిటికన్నా ఎత్తైన బోరెల్ హిల్ 2572 అడుగులు. అక్కడ నిలబడితే ఒక పక్క పసిఫిక్ మహాసముద్రము, ఇంకో పక్క శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము కనబడతాయట.

నన్ను ఆకట్టుకొన్నది ఆ ఎత్తు కాదు. ఆ కొండలు ఎవరివి అన్న సంగతి. 1972లో అక్కడి ప్రజలు ఓట్లు వేసి ఒక సంస్థను ఏర్పరచుకొన్నారు. తమ పన్నుల డబ్బుతో కొండలను కొని, ఇండ్లు లేవకుండా కాపాడుకొంటున్నారు. ఇప్పుడు దాని క్రింద దాదాపు 70 వేల ఎకరాలున్నాయి. ఎవరైనా పోవచ్చు. అయితే నియమాలున్నాయి. సైకిలు తొక్కేవాడు హెల్మెట్ పెట్టుకోవాలి. గంటకు 15 మైళ్ళు, అంటే మన లెక్కన 24 కిలోమీటర్లు, మించకూడదు. మనిషిని దాటేటప్పుడు 5 మైళ్ళకు తగ్గాలి. నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారి ఇవ్వాలి. ప్రొద్దుగూకిన అరగంటకు బయటికి వచ్చేయాలి.

"అందరూ పాటిస్తారా?" అంటే నవ్వి, "పాటించనోళ్ళు ఉండారు కాబట్టే గదా మామా నియమం పెట్టింది" అన్నాడు. నిజమే. మోషే దినముల నుండి అంతే.

అడ్డంగా ఎక్కకూడదు

మరునాడు వాడు మా మిద్దె మీద నిలబడి కొండవైపు చూచి, "ఇట్ల అడ్డంగా ఎక్కితే ఆ పక్క దిగొచ్చు గదా? కాలిదారి అగుపడతా ఉండాది" అన్నాడు.

"ఎక్కకూడదురా" అన్నాను.

వాడికి అర్థము కాలేదు. కట్టెలకు పోయేవాళ్ళు, మేకలవాళ్ళు త్రొక్కిన దారి అది. కాని అది రిజర్వు అడవి. 1967 అటవీ చట్టము ప్రకారము అనుమతి లేకుండా లోపలికి పోవడము నేరము. మన చిత్తూరు, తిరుపతి, కడప కొండలలో ఆ నియమము మరింత గట్టిగా అమలు కావడానికి కారణము ఎర్రచందనము. లోకములో ఈ చెట్టు సొంతగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ కొసన ఉన్న ఈ కొద్ది జిల్లాల కొండలలోనే. జపానులో షమిసెన్ అనే తీగవాద్యానికి, చైనాలో గొప్పవారి ఇండ్లలోని కుర్చీలకు, బల్లలకు దీని చేవ కావాలి. 1995లో దీనిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందములో చేర్చారు. అయినా దొంగ గొడ్డళ్ళు ఆగలేదు. అందుచేత అడవిలో కొత్త మనిషి కనబడితే మొదట పుట్టేది అనుమానమే.

"మేము పోయే చోట కొండను కాపాడేది అందరూ రావాలని. ఇక్కడ ఎవరూ రాకూడదని కాపాడతారా?" అన్నాడు వాడు.

ఆ మాట నన్ను కొంత నొప్పించింది. కైలాసకోన జలపాతానికి ఎవరైనా పోవచ్చు, తలకోనకు పోవచ్చు అని చెప్పాను. కాని ఊరి వెనుక ఉన్న కొండను ఊరి పిల్లలు ఎరుగరు అన్నది నిజము. నా చిన్నప్పుడు మాకు ప్రతి చెట్టు పేరూ తెలుసు. మా సంఘములోని సండేస్కూలు పిల్లలను అడగండి, చిరిమాను ఏదో, తెల్లమద్ది ఏదో చెప్పలేరు.

"ఎక్కలేము గాని చుట్టి రావచ్చు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాడు వెంటనే ఫోనులో పటము తీసి, పుత్తూరు, వడమాలపేట, అప్పలాయగుంట, రామచంద్రాపురం, పచ్చికాపల్లం, మళ్ళీ కార్వేటినగరం అని వేలితో గీత గీశాడు. పచ్చికాపల్లం పేరు వినగానే నా గుండె ఒక్కసారి ఆగినట్లయింది. వాడు గమనించలేదు.

బయలుదేరినాము

తెల్లవారక ముందే ప్రార్థన చేసుకొని బయలుదేరాము. మా ఇంటావిడ చిత్రాన్నము, ఉడకబెట్టిన చెనిక్కాయలు, రెండు పెద్ద సీసాల నీళ్ళు కట్టి ఇచ్చింది. స్కందపుష్కరిణి దగ్గర మంచు ఇంకా వీడలేదు. పాత జమీందారుల నగరు దాటి పుత్తూరు రోడ్డు పట్టాము. చుట్టు తిరిగినంతసేపు కొండ మా ఎడమ చేతి వైపునే ఉండాలన్నది వాడు పెట్టిన గురుతు.

గేర్ల సైకిలు తొక్కడము నాకు చేతకాలేదు. మొదటి ఎత్తుకే గొలుసు కటకటమని దిగబడింది. వాడు ప్రక్కనే వస్తూ నేర్పించాడు. గేరు ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలు కాకముందే మార్చాలి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే తలక్రిందులుగా పడతాము. రెండూ కలిపి, కొంచెము కొంచెముగా పట్టాలి. రాళ్ళ దారిలో సీటు నుండి లేచి, రెండు పెడళ్ళూ సమముగా ఉంచి, బరువు వెనక్కి వేయాలి. టైరులో గాలి రోడ్డు మీద కన్నా మట్టిలో తక్కువ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి చెప్పాడు: "రాయిని చూడొద్దు మామా. రాయిని చూస్తే రాయి మీదికే పోతావు. పోవలసిన దారిని చూడు."

ఈ మాట మీద ఒక ప్రసంగము చెప్పవచ్చు అనుకొన్నాను. అప్పుడే ఒక రాయిని చూచాను. దాని మీదికే పోయాను. మోకాలు చీరుకుపోయింది. "విరగలేదు లే మామా. విరిగినా పుత్తూరులోనే ఉండాము గదా" అన్నాడు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసము ఎక్కడెక్కడి నుండో వస్తారని మీకు తెలుసు. ఆ ఊరి పొలిమేరలో పడడము ఒక విధముగా దేవుని కృపే.

పుత్తూరులో మరమగ్గాల చప్పుడు ఎండ ఎక్కకముందే మొదలైంది. అక్కడి నుండి తిరుపతి రోడ్డు. ఒక ప్రక్క రేణిగుంట అరక్కోణం రైలు దారి, మరొక ప్రక్క కొండలు. కొంత దూరము పోయాక లారీల గాలికి భయపడి, రోడ్డు వదలి బండిబాటలు పట్టాము. చెరువు కట్టలు, మామిడితోపుల గట్లు, చెరకు చేల ప్రక్క దారులు. అడవి హద్దురాళ్ళకు ఇవతలే పోయాము. గుట్టల సైకిలు ఎందుకు పుట్టిందో అప్పుడు నాకు అర్థమైంది. మోటారు సైకిలు మీద పోతే చూడలేనివి, నడిచిపోతే ఒక్క దినములో చేరలేనివి, దీని మీద రెండూ కుదురుతాయి. చప్పుడు లేదు గనుక నెమళ్ళు దారిలో నుండి తీరికగా తప్పుకొన్నాయి. కౌజుపిట్టలు మాత్రము చక్రము క్రిందికే వచ్చి లేచిపోయాయి.

ఒకచోట రెండు సైకిళ్ళకూ ఒకేసారి గాలి పోయింది. పల్లేరుకాయలు! అమెరికా టైరుకైనా, మన టైరుకైనా పల్లేరుకాయ ఒక్కటే. బావి తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూచి, అతుకులు వేసుకొన్నాము. "అక్కడ పాయిజన్ ఓక్ అని ఒక మొక్క ఉండాది, తగిలితే వారం దినాలు దురద" అన్నాడు వాడు. మనకు దూలగొండి ఉంది గదా అని నేను చెట్టు చూపించబోతే నాలుగు అడుగులు వెనక్కి జరిగాడు.

ఎండలో కొండ రాళ్ళు లేత ఎరుపుగా మెరిశాయి. పొరలు పొరలుగా పేర్చినట్లుండే ఈ రాతిని భూగర్భ శాస్త్రవేత్తలు మన నగరి పేరుతోనే నగరి క్వార్ట్‌జైట్ అంటారు. కడప నుండి వచ్చే ప్రాచీనమైన రాతి వరుసకు ఇది దక్షిణపు కొస. ఒకనాటి నీటి అడుగున పేరుకొన్న ఇసుకే, నూరు కోట్ల ఏండ్లకు పైబడిన కాలములో, ఇంత గట్టిదయింది. ఆ పొరల మీద పడిన వాన కోనలలో దిగి, వాగులై, మన చెరువులకు వస్తుంది. మా మండలములోని కృష్ణాపురం జలాశయము నిండి గేట్లు ఎత్తితే, ఆ నీరు కుశస్థలి నదిలో పళ్ళిపట్టు మీదుగా తమిళనాడులోని పూండి జలాశయము చేరుతుంది. చెన్నై పట్నములో కుళాయి త్రిప్పేవారికి మన కొండల పేరు తెలియకపోవచ్చు. నీరు మాత్రము వారి గడప దాకా పోతుంది.

ఆ గుట్ట ఎందుకు బోడిగా ఉంది?

మధ్యాహ్నము దాటాక ఒక చింతచెట్టు క్రింద చిత్రాన్నము విప్పుకొన్నాము. ఎదురుగా కొండ. కోనల్లో దట్టముగా చెట్లు. వెన్ను మీద మాత్రము మనిషి ఎత్తు బోదగడ్డి, ఎండి గోధుమరంగు తిరిగి, గాలికి ఒక వైపుకు వాలుతూ ఉంది.

"అచ్చం మా రష్యన్ రిడ్జ్ మాదిరే ఉండాది. పైన చెట్లు ఎందుకు లేవు మామా?" అన్నాడు.

తెలిసినది చెప్పాను. కొండ వెన్ను మీద మట్టి పలుచన, గాలి జాస్తి. దానికి తోడు మంటలు. బోదలో నూనె ఉంటుంది, అందుకే నలిపితే నిమ్మవాసన. వేసవిలో నిప్పు తగిలితే గంటలో గుట్ట అంతా అంటుకొంటుంది. ఆ మంటకు చెట్ల మొలకలు చచ్చిపోతాయి. గడ్డి వేరు మాత్రము చావదు, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. ఏటేటా ఇట్లా కాలితే చివరికి చెట్టు ఓడిపోతుంది, గడ్డి గెలుస్తుంది. మన అడవులలో మంటలు చాలామట్టుకు పిడుగుల వల్ల వచ్చేవి కావు. మనుషులు పెట్టేవే.

వాడు తన సంగతి చెప్పాడు. 2020 ఆగస్టులో అక్కడ పిడుగులు పడి సాంతాక్రూజ్ కొండలలో 86 వేల ఎకరాలకు పైగా తగలబడిందట. పట్టపగలు ఆకాశము ఎర్రబడి, కిటికీలు మూసుకొని కూర్చున్నారట. అయితే వింత ఏమిటంటే, ఆ నేల మీద మొదటి నుండి ఉన్న ఓలోనీ ప్రజలు తగిన కాలములో, తగిన చోట, తామే గడ్డికి నిప్పు పెట్టి పొలాన్ని బాగుచేసుకొనేవారట. నిప్పు మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఎవరు పెట్టారు, ఎప్పుడు, దాని ప్రక్కన నిలబడి కాపలా కాచారా లేదా అన్నది ముఖ్యము అని వాడి మాట.

"నువ్వు చిన్నప్పుడు మేకలు తోలినావు గదా. ఎప్పుడైనా మంట చూసినావా?" అని అడిగాడు.

చూచానని చెప్పి ఊరుకోవచ్చు. మోకాలి గాయము వల్లనో, ఆ దారి ఎక్కడికి పోతున్నదో తెలిసినందువల్లనో, నోరు తెరిచాను.

"చూడడం కాదురా. పెట్టినాను" అన్నాను.

1990. శివరాత్రి వెళ్ళిన వారము. నాకు పన్నెండేండ్లు. మా ఊరి వెనుక గుట్టకు మేకలు తోలుకొని పోయాను. పాత బోద కాలిస్తే మూడు వారాలకు లేత గడ్డి వస్తుంది, మేకలు బాగా మేస్తాయి అని పెద్దలు అనుకోగా విన్నాను. ఒక పిడికెడు గడ్డికి అగ్గిపుల్ల గీశాను. గాలి మారింది. తుమ్మకొమ్మతో కొట్టాను, ఆరలేదు. చీలమండ కాలింది. మేకలను తోలుకొని ఇంటికి వచ్చి దుప్పటి కప్పుకొని పడుకొన్నాను. గుట్ట మూడు రాత్రులు కాలింది. ఇంటి కప్పులకని పల్లె ఆడవాళ్ళు కోసి పేర్చుకొన్న బోదమోపులన్నీ బూడిదైపోయాయి.

ఆ దినము ఆ గుట్ట మీద ఇంకొకాయన కూడా మేకలు తోలి ఉన్నాడు. నాకన్నా పదేండ్లు పెద్ద. బీడీ త్రాగే అలవాటు ఉన్నవాడు. ఊరి పెద్దలు కూర్చొని ఆయనదే తప్పు అన్నారు. తప్పు డబ్బు కట్టడానికి ఆయన మూడు మేకలు అమ్మాడు. రచ్చబండ దగ్గర నేను కూడా ఉన్నాను. మా నాయన ప్రక్కన నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ ఏడాదే ఆయన ఊరు వదలి పెండ్లాము పుట్టింటి పల్లెకు పోయాడు. ఆ పల్లె పచ్చికాపల్లం దాటినాక రోడ్డు ప్రక్కనే ఉంది. సేవకుడనయ్యాక కూడా, ఆ దారిన బస్సు ఉన్నా, తిరుపతికి పుత్తూరు మీదుగానే పోయేవాడిని.

అక్క కొడుకు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత సైకిలు ఎక్కుతూ, "దారి అటే పోతాది మామా" అన్నాడు.

ఆయన వాకిట్లో

రామచంద్రాపురం దాటినది, పచ్చికాపల్లం చేరినది నాకు సరిగా జ్ఞాపకము లేదు. ఎండ వాలుతున్నది. కొండ ఇంకా ఎడమ చేతి వైపునే ఉంది. పల్లె వచ్చింది. అడిగితే ఇల్లు చూపించారు. ఆయన వాకిట్లో మంచము మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"రాండి అయ్యగారూ, కూర్చోండి" అన్నాడు. పాస్టరునని ఎవరో చెప్పి ఉంటారు. నా ఊరు, నాయన పేరు చెప్పాను. "ఓ, నువ్వా అబ్బోడా" అన్నాడు. ఇంకా కూర్చోకుండానే చెప్పేశాను. "అన్నా, ఆ నిప్పు పెట్టింది నేను."

ఆయన చేతిలోని తాడు ఆగింది. చాలాసేపటికి, "ఇప్పుడు చెప్పి ఏమి?" అన్నాడు. "మూడు మేకలు. ఒకటి సూడిది."

అంతకన్నా ఏమీ అనలేదు. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. ఆయన ఇంటామె రెండు చెంబుల మజ్జిగ తెచ్చి పెట్టింది. త్రాగాము. ఆయన లేచి వచ్చి సైకిలు చుట్టూ తిరిగి చూచి, "దీనికి గేర్లు ఎన్ని?" అని మా వాడిని అడిగాడు. వాడు చెప్పాడు. "బాగుండాది" అన్నాడు. మేము సెలవు తీసుకొన్నాము.

అక్కడి నుండి కార్వేటినగరము వరకు నేను తొక్కిన దూరమే ఆ దినమంతటిలో బరువైనది, తేలికైనది కూడా. ప్రొద్దు గుంకే వేళకు మా ఊరి గుట్ట కనబడింది. ఉదయము చూచిన గుట్టే. వెనుక వైపు చూచి వచ్చాము గనుక ఇప్పుడు అది వేరుగా కనబడింది.

సంక్రాంతి తరువాత ఆ పల్లెకు మళ్ళీ పోయాను. ఈసారి ఒక్కడినే, సైకిలు మీదనే. మూడు మేకల ధర తీసుకొనిపోయాను. పొట్టివాడైన జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడు, నేను అంతటివాడిని కాను. ఆయన లెక్కపెట్టి, ఒక మేక ధర తీసుకొని, మిగిలినది నా చేతిలోనే పెట్టాడు. "మిగతా రెండూ ముసలివి లే" అన్నాడు. అది క్షమాపణ అవునో కాదో నాకు తెలియదు. నెలకు ఒకసారి ఆ దారిన పోతున్నాను. మజ్జిగ ఇస్తున్నారు.

మీ ఇంటివారితో ఒక మాట

చదువరులారా, మీలో చాలామంది ఏదో ఒక కొండ ప్రక్కనే ఉంటారు. దానిని మీ పిల్లలకు చూపించండి. ఎక్కడానికి అనుమతి లేకపోతే చుట్టి రండి. గేర్ల సైకిలే కావాలని లేదు, ఉన్న సైకిలు చాలు. తెల్లవారుజామున బయలుదేరండి. తలకు హెల్మెట్, ఒక్కొక్కరికి కనీసము రెండు లీటర్ల నీళ్ళు, గాలి పంపు, అతుకుల సామాను మరువవద్దు. చక్కెర జబ్బు ఉన్నవారు ముందు డాక్టరునడిగి, జేబులో బెల్లము ముక్క పెట్టుకొని పొండి. హద్దురాయి దాటవద్దు. మాఘము నుండి తొలకరి వరకు అడవి ప్రక్కన అగ్గిపుల్ల గీయవద్దు, గీయనివ్వవద్దు. ఎక్కడైనా పొగ కనబడితే ఎవరు పెట్టారని వాదించకముందే అటవీ సిబ్బందికి కబురు పంపండి.

మా సండేస్కూలు పిల్లలు పదిమంది ఇప్పుడు నెలకొక శనివారము నాతో వస్తున్నారు. చిరిమాను ఏదో, తెల్లమద్ది ఏదో నేర్చుకొంటున్నారు. నా చక్కెర కూడా కొంత తగ్గిందని డాక్టరుగారు సంతోషించారు. మొన్న ఒక పిల్లవాడు వెన్ను మీది గడ్డిని చూపించి, "పైన చెట్లు ఎందుకు లేవు అయ్యగారూ?" అని అడిగాడు.

చింతచెట్టు క్రింద వాళ్ళందరినీ కూర్చోబెట్టి, మొదటి నుండి చెప్పాను. నేను పెట్టిన నిప్పు సంగతి కూడా విడిచిపెట్టకుండా చెప్పాను.